దిగువ కృష్ణా డెల్టా పెరటి తోటలు: నాటే అదను ఎప్పుడు?

శీతల దేశాలలో వసంతారంభపు కూరగాయల సాగును మంచు నిర్ణయిస్తుంది. చివరి మంచు పడే తేదీని అంచనా వేసి, అంతకు కొన్ని వారాల ముందే ఇంటిలోపల నారు పెంచి, నేల వెచ్చబడగానే నాటుతారు. దిగువ కృష్ణా డెల్టాలో మంచు బెడద లేదు. అయినా ఇక్కడి శీతాకాలపు పెరటి తోటకు రెండు హద్దులున్నాయి. మొదట నేలలో నిలిచే నీరు, చివర పైకి తేలే ఉప్పు. ఈ రెండింటి నడుమ దొరికే వ్యవధియే అసలైన అదను.

మొదటి హద్దు: నీరు

అక్టోబరు, నవంబరు నెలలు ఈశాన్య రుతుపవన వర్షాలకు, తుపానులకు కాలం. దివిసీమను ముంచిన 1977 నవంబరు 19 నాటి ఉప్పెన ఈ కాలంలోనిదే. గుడివాడ పరిసరాల బరువైన నల్లరేగడిలో, చుట్టుప్రక్కల వరి చేలలో నీరున్నంత కాలం పెరటిలోనూ భూగర్భ జలమట్టం పైననే ఉంటుంది. అట్టి నేలలో వేళ్లకు గాలి అందక టమాట, మిరప మొక్కలు వడలిపోతాయి. కోతకు ముందు చేలలోని నీటిని తీసివేసిన తరువాతనే పెరడు ఆరుతుంది.

కనుక తేదీని గాక నేలను చూడాలి. 30 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, మరునాడు పరిశీలించాలి. అడుగున నీరు ఊరితే నాటరాదు. పిడికెడు మట్టిని నొక్కినప్పుడు ముద్ద చేతికి అంటక, విరిచితే పొడిగా రాలితే మడులు కట్టవచ్చు.

రెండవ హద్దు: ఉప్పు

ఫిబ్రవరి నుండి ఎండ ముదిరేకొలది భూగర్భంలోని ఉప్పునీరు మట్టిలోని సూక్ష్మ రంధ్రాల ద్వారా పైకి ప్రాకుతుంది. నీరు ఆవిరై లవణాలు ఉపరితలాన మిగులుతాయి. సముద్రానికి చేరువగా, కాలువల చివర ఉన్న నాగాయలంక, కోడూరు ప్రాంతాలలో ఈ సమస్య అధికం. సంతృప్త మృత్తికా సారపు విద్యుత్ వాహకత మీటరుకు 1 డెసీసీమెన్ దాటితే ఫ్రెంచి చిక్కుడు, 1.2 దాటితే ముల్లంగి, ఉల్లి, 2.5 దాటితే టమాట దిగుబడులు తగ్గనారంభిస్తాయి. ఆపై పెరిగే ఒక్కొక్క డెసీసీమెన్‌కు ఫ్రెంచి చిక్కుడులో 19 శాతం, టమాటలో సుమారు 10 శాతం నష్టం వాటిల్లుతుంది.

ఆచరణ

నేల ఆరే వరకు నారును ఆపరాదు. అక్టోబరు చివర, వాన తగలని చూరు క్రింద, కుండీలలోగాని ట్రేలలోగాని టమాట, వంగ, మిరప విత్తనం పోయాలి. 25–30 రోజులలో టమాట నారు సిద్ధమవుతుంది. వంగ, మిరపలకు మరికొన్ని రోజులు పట్టవచ్చు. నవంబరు చివర నాటిన టమాట, ఉప్పు ముదరక ముందే కాపుకు వస్తుంది.

బోదెలపై సాగు చేసేటప్పుడు మొక్కను శిఖరాన నాటరాదు. తడి ప్రాకే చివరి చోటు అదే కావున లవణాలు అక్కడనే పేరుకుంటాయి. బోదె ప్రక్క వాలున నాటి, వరిగడ్డి పరిస్తే ఆవిరి తగ్గి, ఉప్పు నెమ్మదిస్తుంది.

మచిలీపట్నం తీరపు ఇసుక నేలలు త్వరగా ఆరుతాయి కనుక అక్కడ ముందుగా నాటవచ్చు. అయితే ఉప్పునీటిపై పలుచగా తేలియాడే మంచినీటిని లోతు తక్కువ దొరువుల నుండి కొద్దికొద్దిగానే తోడుకోవాలి. ఒక్కసారిగా తోడితే అడుగునున్న ఉప్పునీరు పైకి వస్తుంది.

ముగింపు

మూడు ప్రాంతాలకు ఒకే వారంలో విత్తన సంచులు పంచి, ఒకే తేదీని సిఫారసు చేస్తే గుడివాడలో నారు కుళ్లవచ్చు, దివిసీమ చివరి గ్రామాలలో కాపు ఉప్పు పాలు కావచ్చు. అప్పుడు గృహిణి తప్పు పట్టేది విత్తనాన్ని. లోపం మాత్రం సిఫారసుది. విస్తరణ శాస్త్రవేత్తలు విత్తనంతో పాటు గుంట పరీక్షను, నీటి ఉప్పదన పరీక్షను కూడా పెరటి వరకు తీసుకొనిపోవాలి.