ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసు నుండి పరివారంతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. పదిహేను నెలలకు పైగా సాగిన ఈ ప్రయాణాన్ని అతడు "కాశీయాత్ర చరిత్ర" అనే పేరుతో గ్రంథస్థం చేసాడు. తెలుగులో వెలువడిన తొలి యాత్రాచరిత్రలలో ఇది ముఖ్యమైనది. రాకపోకలు రెండింటిలోను ఈ బృందం నేటి తిరుపతి ప్రాంతం గుండా నడిచింది: వెళ్ళేటపుడు పడమట కొండల దారిన, వచ్చేటపుడు తూర్పున కోస్తా దారిన.

నేపథ్యం

వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ ఉద్యోగం చేసాడు. అప్పటికి దక్షిణ భారతదేశంలో రైలుమార్గం లేదు. మద్రాసు నుండి తొలి రైలు 1856లో నడిచింది. దొంగల భయం, జబ్బులు, నదులు దాటే కష్టం వలన దూరప్రయాణం ఒంటరిగా చేయదగినది కాదు. అందువలన యాత్రికులు గుంపుగా వెళ్ళేవారు. వీరాస్వామయ్య వెంట కుటుంబసభ్యులు, బోయీలు, సేవకులు కలిసి సుమారు వందమంది ఉన్నారు. పల్లకీలు, డేరాలు వెంట సాగాయి. ఇంతమందికి ప్రతి మజిలీలోను నీరు, బియ్యం, తలదాచుకొనే చోటు దొరకాలి. ఏ ఒక్కటి కొరవడినా ప్రయాణం ఆగిపోతుంది. కనుకనే అతని దినచర్యలో గుడిగోపురాలతో పాటు అంగళ్ళు, బావులు, సత్రాలు, బాటల మంచిచెడులు కూడా కనిపిస్తాయి.

తిరుపతి మీదుగా

తిరుపతి అప్పట్లో చిత్తూరు కేంద్రంగా గల ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. 1801లో ఈ ప్రాంతం ఈస్టిండియా కంపెనీ పాలనలోకి వచ్చింది. 1843లో తిరుమల ఆలయ నిర్వహణను హాథీరాంజీ మఠానికి అప్పగించే వరకు ఆలయ ఆదాయం కంపెనీకి చేరేది. భక్తుల మొక్కుబడులపై కంపెనీ రుసుము రాబట్టే తీరును వీరాస్వామయ్య వివరించాడు. ఆ విధంగా ఈ గ్రంథం ఆలయ చరిత్రకు కూడా ఆధారమైనది.

తిరుపతి నుండి బృందం కోడూరు, ఒంటిమిట్ట మీదుగా కడప చేరి, ఆపై అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగల మీదుగా కాశీకి చేరింది. నిజాం రాజ్యంలో జమీందార్ల కలహాల వలన పల్లెలు నలిగిపోవడాన్ని అతడు దారిలో గమనించి వ్రాసాడు.

కోస్తా దారి

తిరుగు ప్రయాణం గయ, కలకత్తా, పూరీల మీదుగా సాగింది. పూరీ నుండి గంజాం, శ్రీకాకుళం, సింహాచలం, రాజమండ్రి, నెల్లూరు మీదుగా బృందం మద్రాసు చేరింది. ఈ దారిలో ఒక ప్రక్క తూర్పు కనుమలు, మరొక ప్రక్క బంగాళాఖాతం ఉంటాయి. బాట చదునైనదే అయినా సులభమైనది కాదు. ఋషికుల్య, వంశధార, నాగావళి, గోదావరి, కృష్ణ, పెన్న వంటి నదులన్నీ దీనికి అడ్డంగా పారి సముద్రంలో కలుస్తాయి. గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో గాని మొదలుకాలేదు; ఆ నదిపై రాజమండ్రి వద్ద రైలు వంతెన 1900లో ఏర్పడింది. అంతకు ముందు పెద్ద నదులు దాటడానికి పడవలే గతి. పైగా ఈ ప్రయాణపు చివరి భాగం వర్షాకాలంలో పడింది.

నెల్లూరు నుండి మద్రాసుకు పోయే బాట నేటి తిరుపతి జిల్లా తూర్పు భాగం గుండా, పులికాట్ సరస్సుకు పడమటగా సాగుతుంది. ప్రస్తుతం 16వ నంబరు జాతీయ రహదారి సుమారుగా ఈ కోస్తా మార్గాన్నే అనుసరిస్తున్నది.

గ్రంథం, ప్రాముఖ్యత

వీరాస్వామయ్య తన అనుభవాలను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకు వ్రాసి పంపేవాడు. వీరాస్వామయ్య 1836లో మరణించగా, శ్రీనివాసపిళ్ళ 1838లో గ్రంథాన్ని ముద్రింపజేసాడు. 1941లో దిగవల్లి వేంకటశివరావు దీనిని పరిష్కరించి ప్రకటించాడు.

ఈ రచన ముఖ్యంగా తరువాతి యాత్రికులకు ఉపయోగపడింది. ఏ మజిలీలో ఏమి దొరుకుతుందో ముందుగా తెలియడం ఆ రోజుల్లో ప్రాణరక్షణతో సమానం. నాటి వాడుక భాషకు దగ్గరగా ఉన్న శైలి వలన, 1830 నాటి తెలుగువారి మాటతీరును, జీవనాన్ని తెలుసుకొనడానికి కూడా ఇది విలువైన ఆధారం.