లైనక్స్ ల్యాప్‌టాప్: టచ్‌ప్యాడ్ పిచ్చిపిచ్చిగా కదులుతోందా..? ఫార్మాట్ కొట్టే ముందు ఇవి చెక్ చేసుకోండి!

వేలు కాస్త కుడివైపు జరిపితే కర్సర్ ఎగిరి స్క్రీన్ మూలకు పోతుంది. టైప్ చేస్తుంటే అక్షరాలు పై లైన్‌లోకి వెళ్లి పడతాయి. ముట్టుకోకుండానే ఏదో ఒకటి క్లిక్ అయిపోతుంది. మామూలు రోజుల్లో ఇది చిరాకు మాత్రమే. కానీ ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టే టైమ్‌లోనో, బ్యాంకు లావాదేవీ మధ్యలోనో జరిగితే? ఒక్క తప్పుడు క్లిక్‌తో పెద్ద నష్టమే జరగొచ్చు.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ ముగిసింది. విండోస్ 11కు పనికిరాని పాత ల్యాప్‌టాప్‌ను పక్కన పడేయకుండా ఉబుంటు, లైనక్స్ మింట్, ఫెడోరా లాంటివి వేసుకోవడం ఓ దారి. అయితే కొత్త సిస్టమ్‌లోకి రాగానే టచ్‌ప్యాడ్ మొరాయిస్తే ఏం చేయాలో చాలామందికి తోచదు. ప్యాడ్ మార్చేయాలని ఒకరంటారు, మళ్లీ ఫార్మాట్ కొట్టాలని ఇంకొకరంటారు. ఈ రెండూ అక్కర్లేని సందర్భాలు ఎన్నో ఉన్నాయి. అసలు తప్పు ఎక్కడుందో వరుసగా చూసుకుంటూ పోతే సరిపోతుంది.

అన్నిటికన్నా ముందు: బ్యాటరీ ఉబ్బిందా?

సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లే ముందు ల్యాప్‌టాప్‌ను మూసి, చదునైన టేబుల్ మీద పెట్టి పక్కనుంచి చూడండి. అడుగు భాగం ఊగుతోందా? టచ్‌ప్యాడ్ ఒక అంచు పైకి లేచిందా? క్లిక్ గట్టిగా మారిందా, లేదంటే నొక్కినట్టే ఉండిపోతోందా? చాలా మోడళ్లలో బ్యాటరీ సరిగ్గా టచ్‌ప్యాడ్ కిందే ఉంటుంది. అది ఉబ్బితే ప్యాడ్‌ను కింద నుంచి పైకి తోస్తుంది. అప్పుడు కర్సర్ గెంతులు వేస్తుంది, క్లిక్‌లు వాటంతటవే పడతాయి.

ఇలా కనిపిస్తే ఇక డ్రైవర్ గురించి ఆలోచించొద్దు. ఛార్జింగ్ తీసేసి ల్యాప్‌టాప్‌ను షట్‌డౌన్ చేయండి. ఉబ్బిన బ్యాటరీని నొక్కడం, పొడవడం, మళ్లీ ఛార్జింగ్ పెట్టడం అస్సలు చేయకూడదు. లిథియం బ్యాటరీ మంటలు అంటుకునే ప్రమాదం ఉంది. సర్వీస్ సెంటర్‌లో మార్పించుకోవడం ఒక్కటే మార్గం.

ఛార్జర్ పెడితేనే వణుకుతోందా?

బ్యాటరీ మీద బాగానే పనిచేస్తూ, ఛార్జర్ పెట్టగానే కర్సర్ వణుకుతుంటే అనుమానం కరెంటు మీదకు వెళ్లాలి. టచ్‌ప్యాడ్ పనిచేసేది మన వేలి వల్ల కెపాసిటెన్స్‌లో వచ్చే అతి చిన్న మార్పును కొలిచి. ఛార్జర్ నుంచి వచ్చే విద్యుత్ నాయిస్ ఆ కొలతను చెడగొడుతుంది. ఎర్తింగ్ సరిగా లేని ఇళ్లలో, మూడు పిన్నుల ప్లగ్‌ను రెండు పిన్నుల అడాప్టర్‌తో వాడేచోట ఈ గొడవ ఎక్కువ. మెటల్ బాడీ మీద చెయ్యి పెడితే సన్నగా జివ్వుమంటుంటే అదీ ఓ గుర్తే.

పరీక్ష చాలా తేలిక. ఛార్జర్ తీసి ఐదు నిమిషాలు వాడి చూడండి. తర్వాత ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల సాకెట్‌లో పెట్టి చూడండి. వీలైతే కంపెనీ ఒరిజినల్ ఛార్జర్‌తోనూ చూడండి. తేడా కనిపిస్తే దొంగ దొరికినట్టే.

చేతి చెమట, నూనె కూడా ఇలాంటి పనే చేస్తాయి. ల్యాప్‌టాప్ ఆఫ్ చేసి, మెత్తటి గుడ్డను కొద్దిగా తడిపి, బాగా పిండి ప్యాడ్‌ను తుడవండి. నీళ్లు నేరుగా చల్లొద్దు.

ఇంతకీ వేలికి, కర్సర్‌కు మధ్య ఏం జరుగుతుంది?

వేలు జరిపితే కర్సర్ నేరుగా కదలదు. మధ్యలో నాలుగు మెట్లు ఉంటాయి. ప్యాడ్ లోపలి చిప్‌లో ఉండే ఫర్మ్‌వేర్ వేలు ఎక్కడుందో లెక్క కడుతుంది. దాన్ని లైనక్స్ కెర్నల్‌లోని డ్రైవర్ అందుకుంటుంది. అక్కడి నుంచి లిబ్‌ఇన్‌పుట్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు పంపుతుంది. ఇది వేలా, అరచెయ్యా? ట్యాపా, స్క్రోలా? అని తేల్చేది ఈ లిబ్‌ఇన్‌పుటే. చివరగా డెస్క్‌టాప్ కర్సర్‌ను కదుపుతుంది.

లిబ్‌ఇన్‌పుట్‌ను మొదట వేలాండ్ కోసం తయారు చేశారు. దీని 1.0 వెర్షన్ 2015లో వచ్చింది. రెడ్‌హ్యాట్ ఇంజినీర్ పీటర్ హటరర్ దీన్ని చాలా ఏళ్లుగా చూసుకుంటున్నారు. అంతకుముందు ఎక్స్‌డాట్‌ఆర్గ్‌లో సినాప్టిక్స్ అనే డ్రైవర్ వాడేవారు. ఈ రెండు పేర్లూ గుర్తుంచుకోండి, కింద పనికొస్తాయి.

తప్పు హార్డ్‌వేర్‌దా, సాఫ్ట్‌వేర్‌దా?

దీన్ని తేల్చడానికి ఒక పెన్‌డ్రైవ్ చాలు. వేరే లైనక్స్ వెర్షన్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా లైవ్ మోడ్‌లో బూట్ చేయండి. అక్కడ టచ్‌ప్యాడ్ శుభ్రంగా పనిచేస్తే మీ ప్యాడ్‌కు ఏమీ కాలేదు, ఇన్‌స్టాల్ చేసిన సిస్టమ్‌లోనే తేడా ఉంది. లైవ్ మోడ్‌లోనూ, విండోస్‌లోనూ ఒకేలా మొరాయిస్తే హార్డ్‌వేర్ మీద అనుమానం పెంచుకోవచ్చు. విండోస్‌లో బాగుండి లైనక్స్‌లో మాత్రమే తేడాగా ఉంటే డ్రైవర్ వైపు చూడాలి.

నిన్నటిదాకా బాగుండి, అప్‌డేట్ చేశాక చెడిందా? అయితే ఇంకా సులువు. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్‌ను ఎంచుకోండి. దాంట్లో సమస్య లేకపోతే కొత్త కెర్నల్‌దే తప్పు. సరిచేసిన అప్‌డేట్ వచ్చేదాకా పాత దాంతోనే పని కానివ్వొచ్చు. ఫార్మాట్‌తో పనే లేదు.

ఒకే ఒరలో రెండు కత్తులు

ఎప్పుడో ఎవరో చెప్పారని సినాప్టిక్స్ ప్యాకేజీని కూడా ఇన్‌స్టాల్ చేసుకున్నవారు ఉంటారు. ఎక్స్‌డాట్‌ఆర్గ్ మీద నడిచే డెబియన్, ఉబుంటు తరహా సిస్టమ్‌లలో లిబ్‌ఇన్‌పుట్ కాన్ఫిగ్ ఫైల్ పేరు 40తో, సినాప్టిక్స్ ఫైల్ పేరు 70తో మొదలవుతాయి. తర్వాత చదివిన ఫైల్‌దే మాట చెల్లుతుంది. అంటే రెండూ ఉంటే టచ్‌ప్యాడ్ పాత సినాప్టిక్స్ చేతికి వెళ్లిపోతుంది.

గ్నోమ్ డెస్క్‌టాప్ సెట్టింగ్స్ లిబ్‌ఇన్‌పుట్‌తో మాత్రమే మాట్లాడతాయి. కాబట్టి సెట్టింగ్స్‌లో ఎన్ని బటన్లు నొక్కినా ఏమీ మారదు. "సెట్టింగ్స్ మార్చినా ఫలితం లేదు" అనిపిస్తే ముందు ఈ ప్యాకేజీ ఉందేమో చూడండి. ఉంటే తీసేసి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కండి. వేలాండ్ సెషన్‌లో మాత్రం సినాప్టిక్స్ అసలు పనిచేయదు, అక్కడ ఈ గొడవే ఉండదు.

టైప్ చేస్తుంటే ప్యాడ్ ఆగిపోతోందా?

ఇది చాలాసార్లు లోపం కాదు. టైప్ చేసేటప్పుడు అరచెయ్యి తగిలి కర్సర్ పోకుండా లిబ్‌ఇన్‌పుట్ టచ్‌ప్యాడ్‌ను కాసేపు ఆపుతుంది. కీ వదిలిన క్షణాల్లోనే మళ్లీ పనిచేయిస్తుంది. కానీ ఒక చేత్తో కీలు నొక్కుతూ ఇంకో చేత్తో టచ్‌ప్యాడ్ మీద గేమ్ ఆడేవారికి ఇదే పెద్ద తలనొప్పి. ప్యాడ్ పాడైందనుకుంటారు. సెట్టింగ్స్‌లో టచ్‌ప్యాడ్ విభాగంలోకి వెళ్లి "టైప్ చేసేటప్పుడు ఆపు" అనే అర్థం వచ్చే ఆప్షన్‌ను ఆఫ్ చేస్తే చాలు.

దీనికి రివర్స్ కేసు కూడా ఉంది. టైప్ చేస్తుంటే కర్సర్ గెంతుతోందంటే ఆ ఆప్షన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. యూఎస్‌బీ కీబోర్డు వాడుతుంటే ఇది పనిచేయకపోవచ్చు. ఎందుకంటే ల్యాప్‌టాప్‌లోని ప్యాడ్‌ను లిబ్‌ఇన్‌పుట్ జత కలిపేది ల్యాప్‌టాప్ సొంత కీబోర్డుతోనే.

స్లీప్ నుంచి లేచాక మొరాయిస్తే..

మూత తెరిచాక ప్యాడ్ పనిచేయకపోయినా, తిక్కగా కదిలినా కెర్నల్ డ్రైవర్‌ను ఒకసారి తీసి మళ్లీ వేయొచ్చు. పీఎస్/2 పద్ధతిలో కనెక్ట్ అయిన ప్యాడ్‌లకు ఆ డ్రైవర్ పేరు పీఎస్‌మౌస్. టెర్మినల్‌లో సుడోతో మోడ్‌ప్రోబ్ కమాండ్‌కు మైనస్ ఆర్ జోడించి పీఎస్‌మౌస్‌ను తీసేయాలి. ఆ వెంటనే మైనస్ ఆర్ లేకుండా మళ్లీ అదే కమాండ్ ఇవ్వాలి. కమాండ్లన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. డ్రైవర్ తీసినప్పుడు ప్యాడ్ పూర్తిగా ఆగిపోతుంది కాబట్టి యూఎస్‌బీ మౌస్ ఒకటి పక్కన పెట్టుకుంటే కంగారు ఉండదు.

కర్సర్ గెంతుతోందా? సాక్ష్యం ఇలా పట్టండి

ఉబుంటు, మింట్‌లలో లిబ్‌ఇన్‌పుట్-టూల్స్, ఫెడోరాలో లిబ్‌ఇన్‌పుట్-యుటిల్స్ అనే ప్యాకేజీ వేసుకోండి. తర్వాత సుడోతో లిబ్‌ఇన్‌పుట్ డీబగ్-ఈవెంట్స్ అనే కమాండ్ ఇవ్వండి. ఇప్పుడు ప్యాడ్ మీద వేలు పెడితే ప్రతి కదలికా స్క్రీన్ మీద లైన్లుగా వస్తుంది. వేలు తీసేశాక కూడా లైన్లు వస్తూనే ఉన్నాయా? అంటే ప్యాడ్ లేని వేలిని చూస్తోంది. నాయిస్, తడి, బ్యాటరీ వైపు మళ్లీ ఓ కన్నేయాలి.

లాగ్‌లో "కెర్నల్ బగ్: టచ్ జంప్ డిటెక్టెడ్ అండ్ డిస్కార్డెడ్" అనే అర్థం వచ్చే సందేశం కనిపిస్తే కంగారు పడొద్దు. మనిషి వేలు కదలలేనంత దూరం ఒక్క దెబ్బలో గెంతినట్టు కింది మెట్టు నుంచి సమాచారం వచ్చింది, లిబ్‌ఇన్‌పుట్ దాన్ని పట్టుకుని పక్కన పడేసింది అని దాని అర్థం. అంటే తప్పు లిబ్‌ఇన్‌పుట్‌ది కాదు. దాని కిందున్న కెర్నల్ డ్రైవర్‌లోనో, ఫర్మ్‌వేర్‌లోనో ఉంది. లెనోవో థింక్‌ప్యాడ్ ఎక్స్230లో టచ్‌ప్యాడ్ ఫర్మ్‌వేర్ 8.1 వెర్షన్ ఇలాంటి తేడాలకు తెలిసిన ఉదాహరణే. దానికోసం లిబ్‌ఇన్‌పుట్ డాక్యుమెంటేషన్‌లో ప్రత్యేకంగా రాశారు.

మెల్లగా తాకితే పట్టుకోవట్లేదా?

కొన్ని ప్యాడ్‌లు వేలి ఒత్తిడి ఎంతో ఒక అంకెగా చెబుతాయి. ఆ అంకె ఎంత దాటితే "వేలు పెట్టారు" అనుకోవాలి, ఎంతకు తగ్గితే "తీశారు" అనుకోవాలి అన్నది లిబ్‌ఇన్‌పుట్ ముందే పెట్టుకుంటుంది. ఉదాహరణకు 10, 8 అని ఉంటే 10కి చేరగానే తాకినట్టు, 8కి తగ్గితే వదిలినట్టు లెక్క. రెండు అంకెలూ ఒకటే అయితే వేలు కాస్త అటూఇటూ అయినా కర్సర్ మిణుకుమిణుకుమంటుంది. అందుకే మధ్యలో ఆ తేడా.

మీ ప్యాడ్‌కు ఈ అంకెలు సరిపోకపోతే గట్టిగా నొక్కితే తప్ప కదలదు. లేదంటే గాలికే కదులుతుంది. లిబ్‌ఇన్‌పుట్ మెజర్ టచ్‌ప్యాడ్-ప్రెజర్ అనే కమాండ్‌తో మీ వేలికి ఎంత అంకె వస్తుందో చూడొచ్చు, కొత్త అంకెలు పెట్టి పరీక్షించొచ్చు. సరైనవి దొరికాక ఈటీసీ ఫోల్డర్‌లోని లిబ్‌ఇన్‌పుట్ ఫోల్డర్‌లో లోకల్-ఓవర్‌రైడ్స్ డాట్ క్విర్క్స్ అనే ఫైల్‌లో అట్ర్‌ప్రెజర్‌రేంజ్ లైన్‌గా రాసుకోవాలి. లాగౌట్ అయి లాగిన్ అయితే అమల్లోకి వస్తుంది. తేడా కొడితే ఆ ఫైల్ తీసేస్తే పాత స్థితికి వచ్చేస్తుంది.

మూడు వేళ్లు పెడితే తడబడుతోందా?

కొన్ని సినాప్టిక్స్ ప్యాడ్‌లకు రెండు దారులు ఉంటాయి. ఒకటి పాతకాలపు పీఎస్/2, ఇంకోటి వేగంగా సమాచారం పంపే ఎస్‌ఎమ్‌బస్. పాత దారి ఇరుకు. ఎక్కువ వేళ్లు పెడితే అన్నిటి స్థానాలూ అందులోంచి రావు. "మీ టచ్‌ప్యాడ్ వేరే బస్‌కు సపోర్ట్ చేస్తానంటోంది" అని కెర్నల్ లాగ్‌లో సందేశం ఉంటే, పీఎస్‌మౌస్‌ను తీసి మళ్లీ వేసేటప్పుడు సినాప్టిక్స్ అండర్‌స్కోర్ ఇంటర్‌టచ్ అనే ఆప్షన్‌కు 1 ఇచ్చి చూడండి. ఇప్పటికే ఎస్‌ఎమ్‌బస్ మీద నడుస్తూ మొరాయిస్తుంటే 0 ఇచ్చి చూడండి. ఇలా చేసిన మార్పు రీస్టార్ట్ చేస్తే పోతుంది కాబట్టి భయం లేదు.

ఏదీ పనిచేయకపోతే?

ఓపెన్ సోర్స్‌లో ఉన్న సౌకర్యం ఇక్కడే. డ్రైవర్ రాసినవాళ్లకే నేరుగా ఫిర్యాదు చేయొచ్చు. లిబ్‌ఇన్‌పుట్ రికార్డ్ అనే కమాండ్‌తో సమస్య వచ్చిన కొన్ని సెకన్లను ఫైల్‌గా దాచి, ల్యాప్‌టాప్ మోడల్, కెర్నల్ వెర్షన్ జతచేసి ఫ్రీడెస్క్‌టాప్ గిట్‌ల్యాబ్‌లో పెట్టండి. మీరు టైప్ చేసిన పాస్‌వర్డ్ అందులోకి వెళ్తుందేమోనన్న భయం ఉంటుంది. ఏ కీ నొక్కారన్నది ఆ టూల్ మామూలుగా దాచేస్తుంది. అయినా రికార్డింగ్ టైమ్‌లో పాస్‌వర్డ్‌లు కొట్టకపోవడమే మంచిది. ఆ ఫైల్‌తో డెవలపర్లు మీ ప్యాడ్ లేకుండానే అదే సమస్యను తమ దగ్గర మళ్లీ చూడగలరు. మీ మోడల్‌కు ఒకసారి పరిష్కారం చేరితే, అదే ల్యాప్‌టాప్ ఉన్న అందరికీ అప్‌డేట్‌లో వచ్చేస్తుంది.

ఒక్క చూపులో..

• ప్యాడ్ పైకి లేచిందా? వెంటనే ఆఫ్ చేసి సర్వీస్ సెంటర్‌కు.
• ఛార్జర్‌తోనే వణుకా? ఎర్తింగ్, ఛార్జర్ చూడండి.
• అప్‌డేట్ తర్వాత చెడిందా? పాత కెర్నల్‌తో బూట్ చేయండి.
• సెట్టింగ్స్ మారట్లేదా? పాత సినాప్టిక్స్ ప్యాకేజీ తీసేయండి.
• టైప్ చేసేటప్పుడు ఆగుతోందా? అది ఫీచర్, ఆఫ్ చేసుకోవచ్చు.
• స్లీప్ తర్వాత తేడానా? డ్రైవర్‌ను తీసి మళ్లీ వేయండి.

ఒక్కసారి ఒక్క మార్పే చేయండి. నాలుగు ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగైందో, దేనివల్ల చెడిందో తెలియదు. ముఖ్యమైన ఫారం నింపాల్సిన రోజు మాత్రం ప్రయోగాలు వద్దు. ఒక మామూలు యూఎస్‌బీ మౌస్ పెట్టుకుని పని పూర్తి చేయండి. రిపేర్ సంగతి తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.