చిరిగిన ఆఖరి పేజీ

అద్దె పుస్తకాల షాపు నుంచి డిటెక్టివ్ నవల తెచ్చుకుని చదివినవాళ్ళకి ఈ బాధ తెలిసే ఉంటుంది. అర్ధరాత్రి దాకా మేలుకుని, ఇక హంతకుడెవరో డిటెక్టివ్ యుగంధర్ చెప్పబోతున్నాడనగా పేజీ తిప్పితే అట్ట వస్తుంది. మనకన్నా ముందు చదివిన పుణ్యాత్ముడెవడో ఆఖరి పేజీ చింపేసి ఉంటాడు. కొమ్మూరి సాంబశివరావు నవలల్ని మా మామయ్య ఇలా చదివే, సగం కథలకి ముగింపులు తనే కల్పించుకున్నాడు. ఆయన ముగింపుల్లో హంతకుడు ఎప్పుడూ వకీలే. పొలం దావాలో పదేళ్ళు తిరిగిన మనిషి మరి.

టీవీలో నేరకథలు చూస్తున్నప్పుడల్లా నాకు ఆ పేజీ గుర్తొస్తుంది. ఒక సీరియల్ ఆ పేజీని ఏం చేస్తుందన్నదే నా దృష్టిలో అసలు సంగతి. దాచి పెడుతుందా, ముందే ఇచ్చేస్తుందా, లేక కళ్ళెదుటే చింపేస్తుందా?

అమెరికన్ సీరియల్ ‘కొలంబో’ ముందే ఇచ్చేస్తుంది. హత్య ఎవరు చేశారో, ఎలా చేశారో, ఎంత పకడ్బందీగా చేశారో మొదటి పావుగంటలో మనం కళ్ళారా చూస్తాం. ఆ తర్వాతే నలిగిన రెయిన్‌కోటుతో, చేతిలో చుట్టతో కొలంబో దిగుతాడు. కథని ఇలా తలకిందులు చేయడం వీళ్ళు కనిపెట్టిందేమీ కాదు. ఆస్టిన్ ఫ్రీమన్ అనే ఇంగ్లిష్ రచయిత 1912లో వచ్చిన ‘ద సింగింగ్ బోన్’ కథల్లోనే ఆ పని చేశాడు. దాన్ని టీవీలో నిలబెట్టింది మాత్రం రిచర్డ్ లెవిన్సన్, విలియం లింక్ అనే జంట రచయితలు. నేరం చేసినవాడి చుట్టూ వినయంగా తిరుగుతూ వాడి ప్రాణం తీసే ఈ పోలీసుకి మూలం దొస్తొయెవ్‌స్కీ ‘నేరము-శిక్ష’లో పోర్ఫిరీ అని వాళ్ళే చెప్పుకున్నారు. పీటర్ ఫాక్ 1968లో మొదలుపెట్టి 2003 దాకా, మధ్యలో పదేళ్ళ విరామం పోగా, 69 భాగాల్లో ఆ పాత్ర వేశాడు. ఆ రెయిన్‌కోటు కూడా ఆయన సొంతమే.

ఎవరు చేశారో తెలిశాక ఇంకా చూడటానికేముంది? మొత్తం అక్కడే ఉంది. 1973లో వచ్చిన ఒక భాగం చెబుతాను. ద్రాక్షసారా తయారీలో మహా పండితుడైన ఒక పెద్దమనిషి, ఆ వ్యాపారాన్ని అమ్మేయబోతున్న తమ్ముణ్ణి కొట్టి, కట్టేసి, సీసాలు దాచే గదిలో పడేసి, ఏసీ ఆపి వెళ్ళిపోతాడు. గాలాడక తమ్ముడు చస్తాడు. అన్న లెక్కలో అంతా సరిగ్గానే జరిగింది. కానీ ఆ వారం ఊళ్ళో ఎండలు మండిపోయాయి. ఏసీ లేని గదిలో సారా అంతా పాడైపోయింది. కొలంబో ఆ గదిలోంచి ఒక సీసా మెల్లగా పట్టుకొచ్చి, పెద్ద హోటల్లో అదే మనిషికి పోయిస్తాడు. ఒక్క గుక్కతో ఆయన మండిపడతాడు, ఇది వేడికి చెడిపోయిందని. ప్రపంచంలో ఆ తేడా చెప్పగల నాలుక చాలా కొద్దిమందికే ఉంటుంది. ఆయన్ని పట్టించింది ఆ నాలుకే. ఇక్కడ హంతకులు ఎప్పుడూ డబ్బూ, పేరూ, తెలివీ ఉన్నవాళ్ళు. పట్టుకునేవాడు డొక్కు కారు వేసుకుని, ఇంట్లో ఆవిడ కబుర్లు చెప్పుకుంటూ, గుమ్మం దాకా వెళ్ళి “ఇంకొక్క మాటండీ” అంటూ వెనక్కొచ్చే మామూలు మనిషి. చూసేవాడికి అంతకన్నా పండగేముంటుంది!

మన ‘సీఐడీ’ ఆ పేజీని ఇన్‌స్పెక్టర్ దయా అరచేతిలో దాచింది. సోనీలో 1998 నుంచి 2018 దాకా పదిహేను వందలకి పైగా భాగాలు నడిచింది. తలుపు బద్దలవుతుంది, చెంప ఛెళ్ళుమంటుంది, నేరస్థుడు గతమంతా పూసగుచ్చినట్టు చెప్పేస్తాడు. హిందీ ముక్క రాని మా వీధి పిల్లలు కూడా ఏసీపీ ప్రద్యుమ్న వేళ్ళు తిప్పడం నేర్చుకున్నారు. ఒక్క చిక్కేమిటంటే, పోలీసుల ముందు ఒప్పుకున్నది మన కోర్టులో రుజువు కిందికి రాదు. పాత సాక్ష్య చట్టం 25వ సెక్షన్, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమ్ 23వ సెక్షన్ చెప్పేది అదే. నిజం కోర్టులో అయితే ఆ కేసులు చాలామటుకు మర్నాడే కొట్టేసేవాళ్ళు. అయినా సీఐడీని చట్టం కోసం ఎవరు చూశారు లెండి!

ఇక ‘ద వైర్’. అమెరికాలోని బాల్టిమోర్ నగరం కథ. 2002 నుంచి 2008 దాకా అయిదు సీజన్లు, 60 భాగాలు. సృష్టికర్త డేవిడ్ సైమన్ ఆ ఊరి పత్రికలో నేరవార్తలు రాసిన విలేకరి. తోడు రాసిన ఎడ్ బర్న్స్ అక్కడే పోలీసుగా పనిచేసి, తర్వాత బడిపంతులైన మనిషి. ఇందులో మొదటి సీజన్ సగానికి సగం ఫోన్లు వినడమే. ఆ వినడం సినిమాల్లోలా తేలిక కాదు. జడ్జి అనుమతి కావాలి. అనుమానితుడే ఆ వీధి ఫోన్లో మాట్లాడుతున్నాడని ఎవరో ఒకరు కళ్ళతో చూస్తూ ఉండాలి. మాటలు నేరం గురించి కాకపోతే వినడం ఆపెయ్యాలి. మత్తుమందులు అమ్మే కుర్రాళ్ళు పేజర్లకి పంపే నంబర్లేమో ఒక పట్టాన అర్థం కావు. వీధుల్లో ఎందుకూ పనికిరాడని ఆఫీసులో కూర్చోబెట్టిన ప్రెజ్ అనే కుర్ర పోలీసు ఫోను మీటల వంక చూస్తూ ఆ గుట్టు విప్పుతాడు. మధ్యలో ఉన్న 5 మీంచి దూకాలి. 1కి బదులు 9, 2కి బదులు 8, 3కి 7, 4కి 6. 5కీ 0కీ మారుబేరం. బడికెళ్ళని పిల్లలు కూడా ఇట్టే పట్టేసే లెక్క. నాలుగో సీజన్‌కి ఆ ప్రెజ్ కూడా పోలీసు ఉద్యోగం వదిలి లెక్కల మాస్టారవుతాడు.

ఆ నాలుగో సీజన్లోనే నేను మరిచిపోలేని మేకు ఉంది. బాల్టిమోర్‌లో మనుషులు వదిలేసిన ఇళ్ళు వీధులకి వీధులు. వాటి గుమ్మాలకి మున్సిపాలిటీవాళ్ళు చెక్కలు కొట్టేస్తారు. లెస్టర్ అనే ముసలి డిటెక్టివ్ ఒక గుమ్మం ముందు ఆగిపోతాడు. చెక్కకి కొట్టిన మేకులు మిగతా ఇళ్ళ మేకుల్లా లేవు. లోపల శవం ఉంది. అంటే అలాంటి మేకులున్న ప్రతి ఇంట్లోనూ ఉండొచ్చు. వేరే ఏ సీరియల్లో అయినా ఇక్కడ సంగీతం మోగి, జీపులు బయలుదేరతాయి. ఇక్కడ సార్జెంటు వద్దంటాడు. హత్యల విభాగంలో గోడకి ఒక బోర్డు ఉంటుంది. తేలిన కేసు పేరు నల్ల రంగులో, తేలనిది ఎర్ర రంగులో. ఏడాది చివరికొచ్చింది, తేలిన కేసులు సగం కూడా లేవు, ఇప్పుడు పనిగట్టుకుని వెతికి కొత్త ఎర్రపేర్లు ఎక్కించడం ఎందుకంటాడు. ఆయన చెడ్డవాడేం కాదు, పైవాడికి లెక్క చెప్పుకోవాల్సినవాడు. సీజన్ అయిపోయేసరికి ఆ ఇళ్ళలోంచి 22 శవాలు బయటికొస్తాయి. పేజీ చింపింది ఎవరో అజ్ఞాత పాఠకుడు కాదు, పుస్తకం కాపలావాడే.

దీన్ని చూసిన కళ్ళతో ‘ఢిల్లీ క్రైమ్’ మొదటి సీజన్ చూశాను. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన సామూహిక అత్యాచారం కథ అది, దాని ఆఖరి పేజీ దేశమంతటికీ తెలుసు. దర్శకుడు రిచీ మెహతా ఆ దాడిని తెర మీద చూపించలేదు, ఆ నిగ్రహానికి దండం పెట్టాలి. చూపించింది నిద్ర లేని పోలీసుల్ని, పోలీసు అధికారిణిగా వేసిన షెఫాలీ షా ముఖంలో గడ్డకట్టిన కోపాన్ని. 2020లో అంతర్జాతీయ ఎమ్మీ వచ్చింది. ‘ద వైర్’కి మాత్రం అన్నేళ్ళలో ఒక్క ఎమ్మీ కూడా రాలేదు. నా మట్టుకు ‘ఢిల్లీ క్రైమ్’ పోలీసుల వైపు కొంచెం ఎక్కువే ఒరిగింది. ఆ స్టేషన్లో ఎర్ర రంగులో మిగిలిపోయిన మిగతా పేర్ల సంగతేమిటని అడగాలనిపించింది.

కిందటి సంక్రాంతికి మామయ్య వస్తే ‘ద వైర్’ పెట్టాను. రెండు భాగాలకే ఆయనకి కునుకు పట్టింది. మర్నాడు ‘కొలంబో’ తొలినాళ్ళది, 1971లో వచ్చిన ఒక భాగం పెట్టాను. ఒకావిడ మొగుణ్ణి చంపి, ఎవరో ఎత్తుకుపోయినట్టు నాటకమాడుతుంది. ఆవిడ వృత్తి ఏమిటో కథలో బయటపడగానే మామయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

“వకీలు! నేను చెప్పలేదట్రా?”

చచ్చినవాడు కూడా వకీలేనని చెప్తే, కాఫీ ఇంకో గ్లాసు పెట్టమని అత్తయ్యకి కేకేశాడు.