మహమ్మద్ హబీబ్

మహమ్మద్ హబీబ్ (జూలై 17, 1949 - ఆగష్టు 15, 2023) హైదరాబాదుకు చెందిన ఫుట్‌బాల్ క్రీడాకారుడు, శిక్షకుడు. భారత జట్టుకు, కలకత్తాలోని మూడు పెద్ద క్లబ్బులకు ప్రాతినిధ్యం వహించాడు. అభిమానులు ఇతనిని "బడే మియా" అని పిలిచేవారు. ఉద్యోగమేదీ చేయక ఆటనే జీవనాధారం చేసుకున్నందువలన ఇతనిని భారతదేశపు తొలి వృత్తి ఫుట్‌బాల్ క్రీడాకారులలో ఒకడిగా పేర్కొంటారు.

నేపథ్యం

1950లలో సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. హైదరాబాదు ఆటగాళ్ళను కలకత్తా క్లబ్బులు ఆహ్వానించడం అప్పటికే పరిపాటి. 1966లో హబీబ్ కూడా ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరాడు. ఇతని తమ్ముడు అక్బర్ సైతం కలకత్తా మైదానాలలో పేరుపొందాడు.

క్రీడాజీవితం

హబీబ్ దాడి చేసే ఆటగాడు. పొట్టివాడైనా అలుపెరుగక పరుగెత్తేవాడు. బంతి చేజారితే వెనుకకు వచ్చి దానిని తిరిగి సాధించేవాడు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్బులలో మారుతూ 1980లలో కూడా కొంతకాలం ఆడాడు.

1970 బాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్య పతకం గెలిచిన భారత జట్టులో ఇతడు సభ్యుడు. ఆ జట్టుకు నాయకుడు మరొక హైదరాబాదీ, సయ్యద్ నయీముద్దీన్. ఆ తరువాత ఆసియా క్రీడల పురుషుల ఫుట్‌బాల్‌లో భారతదేశానికి పతకం రాలేదు.

1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో మోహన్ బగాన్ తలపడింది. శ్యామ్ థాపా, హబీబ్ చెరొక గోలు చేశారు. మ్యాచ్ 2-2తో సమంగా ముగిసింది. 1980లో భారత ప్రభుత్వం హబీబ్‌ను అర్జున పురస్కారంతో గౌరవించింది.

వృత్తి క్రీడాకారుడు

ఆ కాలంలో మన దేశంలో వృత్తి లీగు లేదు. ఆటగాళ్ళలో అనేకులు రైల్వే, బ్యాంకు, పోలీసు వంటి సంస్థలలో ఉద్యోగులు. ఆట ముగిసినా వారికి జీతము, పింఛను ఉండేవి. గాయపడితే రాబడి ఆగిపోయే ప్రమాదమున్నా హబీబ్ ఆ భద్రతను కోరుకోలేదు. సాధన, ఆహారం, నిద్ర విషయాలలో ఇతడు పాటించిన కఠిన నియమాలకు ఇదొక కారణమని భావించవచ్చు.

శిక్షకుడిగా

ఆట విరమించిన పిదప జంషెడ్‌పూర్‌లోని టాటా ఫుట్‌బాల్ అకాడమీలోను, పశ్చిమ బెంగాల్‌లోని హల్దియాలో నెలకొల్పిన అకాడమీలోను యువకులకు శిక్షణనిచ్చాడు. తాను పాటించిన క్రమశిక్షణనే వారికీ బోధించాడు.

చివరి సంవత్సరాలలో అనారోగ్యంతో బాధపడిన హబీబ్, 2023 ఆగష్టు 15న తన 74 యేళ్ళ వయసులో హైదరాబాదులో మరణించాడు.