సిద్ధాంతగ్రంథ రచన: ఆరంభము మొదలు సమర్పణము వఱకు

భర్తృహరి పురుషులను మూఁడు తెఱఁగులుగా విభజించెను: విఘ్నభయముచే నారంభింపనివారు, ఆరంభించి విఘ్నము గలుగఁగానే విడుచువారు, ఎన్ని విఘ్నములు గలిగినను విడువనివారు. డాక్టరేటు పట్టమునకై పరిశోధన చేయువారిని జూచినచో వీరికి నాలవ తెఱఁగువారిని గూడఁ జేర్పవలసియుండును. వారు పనిని విడువరు, ముగింపరు. సామగ్రిని సేకరించుచునే యుందురు, గడువు గడచిపోవును. బడిలోఁ బాఠములు చెప్పుకొనుచు పరిశోధనకుఁ బూనుకొన్న పండితులకు ఈ యపాయము మఱింత యెక్కువ. వారు ముగింపకపోవుటచే నష్టమగునది పట్టము మాత్రమే కాదు. వారు చూచిన తాళపత్రములు, వ్రాసికొన్న పాఠభేదములు, వృద్ధులవలన వినిన మాటలు వారితోనే యంతరించును. కావున సిద్ధాంతగ్రంథ రచనమునఁ గల దశ లెవ్వి, ఏ దశయందుఁ బని యేల నిలిచిపోవును, దానికిఁ బ్రతిక్రియ యేమి యనునది యిందు వివరింపఁబడుచున్నది.

1. గడువు

విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు 2022లోఁ బ్రకటించిన నియమావళి ననుసరించి పి.హెచ్.డి. పరిశోధనకుఁ గనీసకాలము 3 ఏండ్లు. గరిష్ఠకాలము 6 ఏండ్లు. పునర్నమోదుచే మఱి 2 ఏండ్లు లభింపవచ్చును. స్త్రీలకును, 40 శాతమునకు మించిన వైకల్యము గలవారికిని అంతకుమీఁద నింకను 2 ఏండ్ల వెసులుబాటు కలదు. ఉద్యోగులు పార్ట్‌టైము పద్ధతిఁ జేరవచ్చును గాని, పరిశోధనకుఁ దగిన తీఱిక యిచ్చెదమని తమ పై యధికారులవలన ననుమతిపత్రమును దేవలయును. ఈ పత్రమును గేవలము లాంఛనముగాఁ దలంపరాదు. తీఱిక నిజముగా నుండునా యని చేరకముందే నిర్ణయించుకొనుట మేలు.

చేరిన పిదప మొదటి మెట్టు పాఠ్యక్రమము. ఇది కనీసము 12 క్రెడిట్ల పని. పరిశోధన పద్ధతియు, పరిశోధన ప్రచురణ నీతియు నిందు బోధింపఁబడును. 55 శాతము మార్కులు రానివారికి ముందుదారి లేదు. పరీక్ష లున్నవి గనుక నీ దశలోఁ బని నిలుచుట యరుదు. చిక్కు దీని తరువాత మొదలగును. ఏలయన, అటుపిమ్మట నేఁటి పని నేఁడే చేయుమని యడుగువారు లేరు.

2. విషయనిర్ణయము

పని నిలిచిపోవుటకు మొదటి కారణము విషయమునకు హద్దు లేకపోవుట. ఒక యుదాహరణము గైకొందము. కల్నల్ మెకంజీ (1754–1821) ఊరూరి చరిత్రలను సేకరింపించెను. అవియే కైఫీయత్తులు. ఒక పండితుఁడు “కైఫీయత్తులు – సమగ్ర పరిశీలనము” అని శీర్షిక పెట్టెననుకొందము. ఇందు భాష యున్నది, చరిత్ర యున్నది, దేవాలయముల వృత్తాంతములున్నవి, భూమిపన్నుల లెక్కలున్నవి. ఒక జీవితము చాలదు. అతఁడే “కడపసీమ కైఫీయత్తులందలి భూసంబంధ పదములు” అని పెట్టుకొనినచో సీమ యొకటి, ఆకరమొకటి, ప్రశ్న యొకటి యగును. మాన్యము, మిరాసి, కౌలు, సన్నదు మొదలగు మాటలు ఏ యర్థమున వాడఁబడినవి, ఆ యర్థ మూరూర నెట్లు మాఱినది యని యడిగి సమాధానము చెప్పవచ్చును.

విషయము నిశ్చయించుకొనుటకు ముందు మూఁడు ప్రశ్నలు వేసికొనవలయును. నేను దెలిసికొనఁగోరున దేమి? దానికి ఆకరము లెవ్వి, అవి యెక్కడ నున్నవి? ఇంక సేకరణము చాలుననుటకు గుఱుతేమి? ఈ మూఁడవ ప్రశ్నకు సమాధానము లేనివాఁడే పైఁ జెప్పిన నాలవ తెఱఁగువాఁడగును.

మన పెద్దల సిద్ధాంతగ్రంథముల పేళ్లను జూచినను హద్దు గీయు విధము తెలియును. పల్లా దుర్గయ్యగారు పదునాఱవ శతాబ్ది ప్రబంధ వాఙ్మయమును గైకొనిరి. అది కాలముచే నేర్పడిన హద్దు. తూమాటి దొణప్పగారు ఆంధ్ర సంస్థానముల సాహిత్యపోషణమును గైకొనిరి. అది పోషకులచే నేర్పడిన హద్దు. బిరుదురాజు రామరాజుగారు జానపద వాఙ్మయమునందు గేయములనే ప్రధానముగాఁ గొని పరిశోధించిరి. ఆ గ్రంథము 1958లో నచ్చయినది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుఁగు క్రియాధాతువులనుగూర్చి వ్రాసి 1957లోఁ బెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునఁ బట్టము నందిరి. హద్దు చిన్నదైనంత మాత్రమున గ్రంథము చిన్నది కాదని వీనివలన స్పష్టము.

3. ఆకరసేకరణము

సి.పి. బ్రౌను దొర వేమన పద్యములను సేకరించునపుడు ప్రతుల ననేకములు తెప్పించి, పండితులచే నొండొంటితోఁ బోల్పించి, పాఠభేదములను గుర్తింపించెను. వేమన పద్యములకు ఆయన చేసిన యాంగ్లానువాదము 1829లోఁ బ్రకటితమయ్యెను. నేఁటికి నా పద్ధతియే శరణ్యము. ప్రతి యుద్ధరణముతోడను ప్రతి యెక్కడిది, దాని సంఖ్య యేది, పత్ర మెన్నవది, ఏ దినమునఁ జూచితిమి యను నాలుగు విషయములు వ్రాసికొనవలయును. ప్రతిలో నున్న యక్షరమును ఉన్నట్లే వ్రాసి, మన దిద్దుబాటును వేఱుగాఁ జూపవలయును. లేఖకుఁడు తప్పు వ్రాసెనని నిశ్శబ్దముగా దిద్దినచో, ఆ తప్పే యొకనాఁటి యుచ్చారణమునకు సాక్ష్యమై యుండవచ్చును. ఆ సాక్ష్యమును మనమే చెఱిచినవారమగుదుము. ప్రతిలోని మాటయు మన యూహయు నొకే పుటలోఁ గలసిపోయినచో, మూఁడేండ్ల తరువాత నేది యెవరిదో మనకే తెలియదు.

పని నిలుచుటకు రెండవ కారణ మిక్కడఁ గలదు. “ఇంకొక ప్రతి చూచి వ్రాసెదను” అను మాట వినుటకుఁ బాండిత్యమువలెఁ దోఁచును. చాలమాఱు లది వ్రాఁత కొఱకైన భయమునకు మాఱుపేరు. సామగ్రిలో మూఁడవ వంతు చేతికి రాఁగానే యొక ప్రకరణము వ్రాయ నారంభింపవలయును. వ్రాసినపుడు గదా లోటు తెలియును! లోటు తెలిసిన పిదపఁ జేయు సేకరణమునకు దిక్కు కలుగును.

4. రచన

ఉపోద్ఘాతముతో నారంభించుట యాచారము. దానిఁ గడపట వ్రాయుట యుక్తము. గ్రంథ మేమి చెప్పినదో తెలియక దానికిఁ బీఠిక వ్రాయుట యసాధ్యము. ఆధారములు బలముగా నున్న నడిమి ప్రకరణమును ముందు వ్రాయవలయును. కవికాలాదులను, దేశచరిత్రను వాఙ్మయ చరిత్రలనుండి యెత్తి నూఱేసి పుటలు నింపుట మనవారికి వాడుకయైనది. ప్రతి ప్రకరణము చివరను “దీనికి ముందుఁ దెలియని దేమి యిందుఁ దెలిసినది?” అని యడిగికొని, సమాధానము రానిచో నా భాగమును దీసివేయవలయును.

దినమున కొక పుట వంతున నేఁటికి 250 దినములు వ్రాసినచో 250 పుటలగును. బడిపని గలవానికి వేసవి సెలవులకంటెఁ బ్రతిదిన మొక గంట మేలు. సెలవుల వఱకు వేచియుండువాఁడు, ఎక్కడ నాపెనో జ్ఞప్తికిఁ దెచ్చుకొనుటకే సెలవులలో సగము గడపును.

పరకృతి నపహరించుట విషయమై 2018 నాఁటి నియమములు కఠినములు. పోలిక 10 శాతము వఱకు దండనము లేదు. అది దాఁటి 40 వఱకైన 6 నెలలకు మించని గడువులో దిద్ది మరల సమర్పింపవలయును. 40 దాఁటి 60 వఱకైన నొక యేఁడు దిద్దిన ప్రతిని సమర్పింపరాదు. 60 దాఁటిన నమోదే రద్దగును. యంత్రము మాటల పోలికను మాత్రమే పట్టును. పూర్వపండితుని సిద్ధాంతమును మాటలు మార్చి తనదిగాఁ జెప్పినవాఁడు యంత్రమునకుఁ జిక్కకున్నను దోషియే.

5. పర్యవేక్షకుఁడు

నియమావళి ప్రకారము ఒక ప్రొఫెసరు ఒకే కాలమున 8 మందికంటె నెక్కువ పరిశోధకులకుఁ బర్యవేక్షకుఁడు కారాదు. సలహాసంఘము ముందుఁ బ్రతి సెమిస్టరునందును బని పురోగతిని నివేదింపవలయును. గురువునొద్దకు వట్టిచేతులతోఁ బోక వ్రాసిన పుటలతోఁ బోవలయును. నోటిమాటకు నోటిమాటయే బదులు. వ్రాఁతకు దిద్దుబాటు దొరకును. గురువునకు నమస్కరించుటయు, ఆధారము చూపి భిన్నాభిప్రాయము చెప్పుటయుఁ బరస్పరవిరుద్ధములు కావు. వ్యాకరణ శాస్త్రము పెరిగినది పూర్వుల మతములఁ జెప్పి వానిని విమర్శించుటచేతనే కదా.

2016 నాఁటి నియమములలో, గ్రంథసమర్పణమునకు ముందు పత్రికయం దొక వ్యాసము ప్రకటింపవలెనను విధి యుండెను. 2022లో నది తొలఁగింపఁబడెను. విధి తొలఁగినను ఆచారము విడువఁదగదు. ఒక ప్రకరణమును వ్యాసముగాఁ బ్రకటించినచో, పరీక్షకులకంటె ముందే పండితులు దోషములఁ జూపుదురు.

6. సమర్పణము, మౌఖికపరీక్ష

సమర్పణమునకు ముందు సలహాసంఘము నెదుట నుపన్యసింపవలయును. దానికి అధ్యాపకులును, తోడి పరిశోధకులును రావచ్చును. పిదప గ్రంథమును బర్యవేక్షకుఁడును, ఆ సంస్థయం దుద్యోగము లేని యిరువురు బాహ్యపరీక్షకులును జూతురు. ఒకరు కాదన్నచో వేఱొక పరీక్షకునకుఁ బంపుదురు. మౌఖికపరీక్షతో సహా యీ పనియంతయు 6 నెలలలోఁ బూర్తి కావలయునని నియమము. మౌఖికపరీక్షయందుఁ దెలియని ప్రశ్నకుఁ దెలియదనుట దోషము కాదు. తన గ్రంథపు హద్దును దాఁటిన ప్రశ్నకు హద్దును జూపి నిలుచుటయే సమర్థత. పట్టము ప్రకటించుటకు ముందు గ్రంథపు ప్రతి యంతర్జాలమున నందఱికిఁ జదువ లభించునట్లు ఇన్ఫ్లిబ్‌నెట్ సంస్థకుఁ జేరవలయును. వారి భాండాగారమునకు శోధగంగ యని పేరు.

కడమాట యొకటి. నిర్దోషమైన గ్రంథమును వ్రాయవలెనను కోరికయే పెక్కుఱను ముగింపనీయదు. సిద్ధాంతగ్రంథము విషయమున కడపటి మాట కానక్కఱలేదు. ఆధారము లెక్కడివో చెప్పి, యూహ నూహయని చూపి, హద్దు లోపల నిజాయతీగా వ్రాసిన చాలును. తరువాతివాఁడు దానిలోని తప్పును దిద్దఁగలఁడు. వ్రాయకుండఁ బోయినదానిని దిద్దువాఁ డెవ్వఁడును లేఁడు. పెట్టెలలో పుటలు దాచియుంచిన పండితులు ఆ పుటలను వెలికిఁ దీసి, ఒక ప్రకరణమైనను ముగింతురు గాక.