చాటుగా వినే స్విచ్

ఒకే సమాచారం వందమందికి కావలసివస్తే వంద ప్రతులు పంపాలా? ఒక్కటే పంపి, దారులు చీలేచోట మాత్రం రెండు చేస్తే చాలదా? 1980ల నడుమ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ చెరిటన్ దగ్గర పరిశోధన చేస్తున్న స్టీవ్ డీరింగ్ తలకెత్తుకున్న పని ఇది. దాని ఫలితమే మల్టీకాస్ట్. 224 నుంచి 239 వరకు అంకెలతో మొదలయ్యే ఐపీ చిరునామాలన్నీ దానివే. ఒక్కో చిరునామా ఒక బృందానిది. బృందంలో చేరదలచిన కంప్యూటర్ ఆ మాట రూటర్‌కు చెప్పుకునే పద్ధతి ఐజీఎంపీ. 1989లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1112 అనే ఇంటర్నెట్ పత్రం దాన్ని ఖాయం చేసింది. 1992 మార్చిలో శాన్ డియేగోలో జరిగిన ఇంటర్నెట్ ఇంజనీర్ల సమావేశాన్ని ఈ పద్ధతిలోనే మూడు ఖండాల్లో 20 చోట్ల విన్నారు.

చిక్కు రూటర్ కింద ఉన్న స్విచ్‌తో వచ్చింది. ఎవరు ఏ పోర్టులో ఉన్నారో స్విచ్‌కి తెలిసేది పంపినవాళ్ల మ్యాక్ చిరునామా, అంటే పరికరపు హార్డ్‌వేర్ చిరునామా, చూసే. బృందం చిరునామా ఎప్పుడూ పంపినవాళ్ల స్థానంలో కనబడదు. ఇక చేసేదేముంది, ఊరంతా దండోరా వేసినట్టు అన్ని పోర్టులకూ పంపేస్తుంది. హాల్లో టీవీకి రావలసిన వీడియో వైఫైలోకీ దూరుతుంది. వైఫైలో మల్టీకాస్ట్ సాధారణంగా తక్కువ వేగంతో వెళ్తుంది కాబట్టి ఇంట్లో అందరి ఫోన్లూ నత్తనడక నడుస్తాయి.

విరుగుడుగా పుట్టిందే స్నూపింగ్. రూటర్‌కని వెళ్తున్న ఐజీఎంపీ కబుర్లను స్విచ్ దారిలోనే చదివి, ఏ పోర్టుకు ఏ బృందం కావాలో రాసుకుంటుంది. నిజానికి ఐపీ సంగతులు చూడడం స్విచ్ పని కాదు. అందుకే కంపెనీలు చాలాకాలం ఎవరికి తోచినట్టు వాళ్లు చేశాయి. 2006లో ఆర్‌ఎఫ్‌సీ 4541 వచ్చినా అది సలహాపత్రమే, ప్రమాణం కాదు.

ఇంకో చిక్కు పుట్టుకలోనే ఉంది. బృందాల చిరునామాలకు సరిపడా 16 మ్యాక్ గుంపులు కొనాలని డీరింగ్ అడిగితే, ఒక్కోటి వెయ్యి డాలర్లు కావడంతో ఇంటర్నెట్ చిరునామాల కేటాయింపు చూసే జాన్ పోస్టెల్ ఒక్కటే కొని అందులో సగం ఇచ్చారని చెబుతారు. ఫలితంగా 32 బృందాలకు ఒకే మ్యాక్ చిరునామా. మ్యాక్ మాత్రమే చూసే స్విచ్‌కి 224.1.1.1కీ 225.1.1.1కీ తేడా తెలియదు.

అన్నిటికన్నా ఎక్కువగా ఏడిపించేది క్వెరియర్ లేకపోవడం. చెప్పకుండా వెళ్లిపోయేవాళ్లుంటారు కాబట్టి "ఎవరున్నారు?" అని 125 సెకన్లకోసారి ఎవరో ఒకరు అడగాలి. అలా అడిగేదే క్వెరియర్. జవాబు రాకపోతే 260 సెకన్లకు స్విచ్ ఆ పేరు కొట్టేస్తుంది. అడిగేవాళ్లే లేని నెట్‌వర్క్‌లో టీవీ పెడితే బొమ్మ చక్కగా వస్తుంది, నాలుగు నిమిషాలు దాటగానే ఆగిపోతుంది. ఛానల్ మార్చి మళ్లీ పెడితే కొత్త కబురు వెళ్తుంది, బొమ్మ వస్తుంది, మళ్లీ నాలుగు నిమిషాలే. విసిగిపోయి చాలామంది స్నూపింగే ఆపేస్తారు. బొమ్మ నిలుస్తుంది కానీ అన్ని పోర్టులకూ వరద మళ్లీ మొదలు.

కాబట్టి సెట్టింగుల్లో ఐజీఎంపీ స్నూపింగ్ ఆన్ చేసేటప్పుడు నెట్‌వర్క్‌లో క్వెరియర్ ఉందో లేదో కూడా చూసుకోండి. లేకపోతే రూటర్‌లోనో స్విచ్‌లోనో ఒకచోట ఆన్ చేయండి. పొరపాటున రెండుచోట్ల చేసినా ఇబ్బంది లేదు. తక్కువ ఐపీ చిరునామా ఉన్నదే అడుగుతుంది, రెండోది ఊరుకుంటుంది.