ఇంటి కుక్క, క్యాన్సర్ పరిశోధన: పెంచేవారు చేయగలిగే మేలు

మనుషుల జబ్బుల గురించి రాసే ఈ పేజీల్లో కుక్కల సంగతి ఎందుకని కొందరు పాఠకులు అనుకోవచ్చు. కారణం ఉంది. క్యాన్సర్ మనిషికి వచ్చినట్టే కుక్కకూ వస్తుంది. లింఫు గ్రంథులు, ఎముకలు, రొమ్ములు, మూత్రాశయం, వీటికి వచ్చే క్యాన్సర్లు మనలోనూ ఉన్నాయి, కుక్కల్లోనూ ఉన్నాయి. ప్రయోగశాలలో ఎలుకకు సాధారణంగా క్యాన్సర్‌ను మనమే కలిగించాలి. కుక్కకు అది దానంతటదే వస్తుంది. పైగా కుక్క మన ఇంట్లోనే తిరుగుతుంది, మనం పీల్చే గాలే పీలుస్తుంది, మనం తాగే నీళ్లే తాగుతుంది. దాని ఆయుష్షు తక్కువ కాబట్టి మనుషుల్లో తేలడానికి దశాబ్దాలు పట్టే విషయం దానిలో కొద్ది ఏళ్లలోనే తేలుతుంది.

అందుకే అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 2003లో పెంపుడు జంతువుల క్యాన్సర్లను మనుషుల క్యాన్సర్లతో పోల్చి చూసే ఒక కార్యక్రమాన్ని ప్రారంభించింది. 2005లో టాషా అనే బాక్సర్ జాతి కుక్క జన్యుపటం ప్రచురితమైంది. అయితే శాస్త్రవేత్తలు, యంత్రాలు ఎన్ని ఉన్నా ఒకటి మాత్రం కుక్కను పెంచేవారే ఇవ్వాలి. అది ఆ కుక్క బతుకు గురించిన నిజమైన సమాచారం.

పిల్లలకు అందిన ఫలం

ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్‌నే తీసుకుందాం. అమెరికాలో ఇది అన్ని వయసులవారినీ కలిపినా ఏటా సుమారు 1,000 మందికి మాత్రమే వస్తుంది. వారిలో పిల్లలు, యువకులు ఎక్కువ. అదే కుక్కల్లో ఏటా 10,000కు పైగా కనిపిస్తుంది. 1980లలో కొలరాడో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పశువైద్యులు కుక్క కాలు తీసివేయకుండా, జబ్బు పట్టిన ఎముక భాగాన్ని మాత్రమే తొలగించే శస్త్రచికిత్సను మెరుగుపరిచారు. ఆ అనుభవం పిల్లల కాళ్లు, చేతులు నిలబెట్టే వైద్యానికి తోడ్పడింది. మిఫామర్టైడ్ అనే మందు కూడా ముందు ఈ జబ్బు ఉన్న కుక్కల ఆయుష్షును పెంచింది. ఆ తర్వాత పిల్లల్లో పరీక్షించారు. 2009లో ఐరోపా సమాఖ్య దానికి అనుమతి ఇచ్చింది. ఆ కుక్కల యజమానులు సరేననకపోతే ఇందులో ఏదీ ముందుకు సాగేది కాదు.

రాసి పెట్టడమే పెద్ద సాయం

స్కాటిష్ టెర్రియర్ అనే జాతికి మూత్రాశయ క్యాన్సర్ ఎక్కువ. అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయం వారు ఆ జబ్బు వచ్చిన కుక్కల యజమానులనూ, అదే జాతిలో ఆ జబ్బు లేని కుక్కల యజమానులనూ ప్రశ్నించారు. కొన్ని రకాల కలుపు మందులు చల్లిన పచ్చికలో తిరిగిన కుక్కల్లో ఆ క్యాన్సర్ ఎక్కువగా ఉన్నట్టు 2004లో వెల్లడించారు. ఇక్కడ యజమానులు ఇచ్చింది డబ్బు కాదు, జవాబులు. పెరట్లో ఏ మందు చల్లారు, కుక్కకు ఏం పెట్టారు అన్నవే ఆ జవాబులు. మరి కొందరు కణితి ముక్కలు, మూత్రం ఇచ్చారు. దానివల్ల 2015లో ఈ క్యాన్సర్ కణాల్లో ఒక ప్రత్యేకమైన జన్యుమార్పు బయటపడింది. దాన్ని ఇప్పుడు మూత్రపరీక్షతోనే గుర్తించగలుగుతున్నారు.

మోరిస్ యానిమల్ ఫౌండేషన్ 2012లో ఇంకా పెద్ద పని తలపెట్టింది. 2015 నాటికి అమెరికాలో 3,000కు పైగా గోల్డెన్ రిట్రీవర్ కుక్కలను చిన్న వయసులోనే, ఆరోగ్యంగా ఉన్నప్పుడే నమోదు చేసుకుంది. ఏటా యజమాని పెద్ద ప్రశ్నపత్రం నింపాలి. పశువైద్యుడు కుక్కను పరీక్షించి రక్తం, మూత్రం, మలం, వెంట్రుకలు, గోళ్ల ముక్కలు సేకరించాలి. ఇది కుక్క బతికినన్నాళ్లూ సాగాలి. ఒక ఏడు రాసి మరో ఏడు మానేస్తే మధ్యలో ఖాళీ వస్తుంది. జబ్బుకు కారణం ఆ ఖాళీలోనే ఉండిపోవచ్చు. 2019 నుంచి డాగ్ ఏజింగ్ ప్రాజెక్టు అనే మరో అధ్యయనంలో అన్ని జాతులవీ, జాతి తెలియనివీ కలిపి 50,000కు పైగా కుక్కలు నమోదయ్యాయి. అమెరికాలో స్థిరపడిన మన పిల్లల ఇళ్లలోనూ కుక్కలున్నాయి. ఇటువంటి అధ్యయనాల గురించి తమ పశువైద్యుడిని అడగమని వారికి చెప్పవచ్చు.

కొత్త మందు పరీక్షలో చేరే ముందు

కుక్కకు జబ్బు వచ్చాక ఏదైనా కొత్త చికిత్సను పరీక్షిస్తున్నారని తెలిస్తే ఆశ పుట్టడం సహజం. కానీ పరిశోధన వేరు, ఖాయమైన వైద్యం వేరు. సంతకం చేసే ముందు ఇవి అడగండి:

1. ఈ మందు ఇంతకుముందు ఎన్ని కుక్కలకు ఇచ్చారు? ఏ ఇబ్బందులు కనిపించాయి?
2. కొన్ని కుక్కలకు మందు లేని ఉత్త సూది వేస్తారా? అలాగైతే మాకు తెలుస్తుందా?
3. ఈ పరీక్షలో చేరితే ఇప్పుడు అందుబాటులో ఉన్న మంచి చికిత్స పోగొట్టుకుంటామా?
4. ఖర్చులో ఏ భాగం మీది, ఏ భాగం మాది?
5. మా కుక్క బాధపడుతుంటే మధ్యలో విరమించుకోవచ్చా?

ఐదో ప్రశ్నకు "ఎప్పుడైనా విరమించుకోవచ్చు" అన్న జవాబే రావాలి. నోరులేని జీవి తన బాధ తాను చెప్పుకోలేదు. దాని తరఫున మాట్లాడవలసింది మీరే. దాని బాధ తగ్గించడం మొదటి ధర్మం, పరిశోధన ఆ తర్వాతే.

మన ఊళ్లో ఏం చేయవచ్చు?

అంత పెద్ద అధ్యయనాలు దగ్గరలో లేకపోయినా మన చేతిలో ఉన్నవి తక్కువేమీ కాదు.

గడ్డ కనిపించిన తేదీ రాయండి. "శనగగింజంత, ఉసిరికాయంత" అని గుర్తు పెట్టుకోవడం మంచిదే. అయినా స్కేలుతో కొలిచి సెంటీమీటర్లలో రాస్తే డాక్టరుకు ఇంకా పనికివస్తుంది. కుక్క వయసు, జాతి, తిండి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారా లేదా, చేయిస్తే ఎప్పుడు, ఇవన్నీ ఒక నోటు పుస్తకంలో ఉండాలి. ఆడకుక్కల్లో రొమ్ముల దగ్గర వచ్చే గడ్డలకు ఈ వివరాలు మరీ ముఖ్యం.

ఆపరేషన్ చేసి తీసిన గడ్డను పారవేయనివ్వకండి. దాన్ని ఫార్మలిన్‌లో ఉంచి పరీక్షకు పంపమని పశువైద్యుడిని కోరండి. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల్లో పాథాలజీ విభాగాలున్నాయి. మనుషుల ఆసుపత్రిలో బయాప్సీ ఎంత అవసరమో ఇక్కడా అంతే. ఏ రకం కణితో తెలియకుండా పారవేసిన గడ్డ మీ కుక్కకూ ఉపయోగపడదు, మరో కుక్కకూ ఉపయోగపడదు. మిగిలిన ముక్కను, వివరాలను పరిశోధనకు వాడుకోవచ్చని రాతపూర్వకంగా అనుమతి ఇవ్వండి.

చిన్న ముక్క ఏం చేస్తుందన్న సందేహం వద్దు. మన వీధికుక్కల్లో జతకట్టినప్పుడు ఒకదాని నుంచి మరొకదానికి అంటుకునే కణితి ఒకటుంది. పిల్లల రక్తక్యాన్సర్‌కు మనం వాడే విన్‌క్రిస్టిన్ మందుతోనే అది చాలావరకు నయమవుతుంది. 43 దేశాల నుంచి వచ్చిన 546 కణితుల ముక్కలను పరిశీలించి, ఆ క్యాన్సర్ వేల ఏళ్ల కిందట ఆసియాలో ఒకే ఒక్క కుక్కలో మొదలైందని శాస్త్రవేత్తలు 2019లో తేల్చారు.

చివరిగా ఒక కష్టమైన మాట. కుక్క చనిపోయాక పోస్టుమార్టానికి ఒప్పుకోవడం చాలామందికి మనసు రాని పని. దుఃఖంలో ఆ నిర్ణయం తీసుకోవడం కష్టం కాబట్టి ఇంటిల్లిపాదీ ముందే మాట్లాడుకోవడం మంచిది. వద్దనుకుంటే తప్పేమీ లేదు. ఒప్పుకుంటే మాత్రం జబ్బు ఎక్కడ పుట్టింది, ఎంతవరకు పాకింది అన్నది ఊహగా మిగలకుండా తెలుస్తుంది. మీ కుక్కకు చేయలేకపోయిన వైద్యం రేపు మరో ఇంటి కుక్కకు, బహుశా ఒక బిడ్డకు అందడానికి ఆ సమాచారం తోడ్పడుతుంది. ఇవాళే ఒక నోటు పుస్తకం తీసి, మొదటి పేజీలో మీ కుక్క పేరు, వయసు, బరువు రాయండి.